తెరవని సీసాకు పెట్టె

నాలుగేళ్ల కిందట ఒక విస్కీ సంస్థ ప్రతినిధులు మా బల్ల ముందు కూర్చుని, ఏడాదికి ఒకటి చొప్పున ఆరేళ్లపాటు వెలువడే ఆరు సింగిల్ మాల్ట్ స్కాచ్ విస్కీల (స్కాట్లాండ్‌లో ఒకే డిస్టిలరీలో, అంటే విస్కీ కాచే ఒకే కర్మాగారంలో, మొలకెత్తించిన బార్లీతో చేసినవి) వరుస గురించి వివరించి, చివరకు మొదటి సీసాకు మాత్రం పెట్టె రూపకల్పన చేసి ఇమ్మన్నారు. మిగిలిన ఐదింటి సంగతి తరువాత చూసుకుందామన్నారు. నేను సరేనన్నాను. ప్యాకేజింగ్ పనిలో పదిహేనేళ్లు గడిపిన మనిషి అనవలసిన మాట అది కాదు. ఆరో పెట్టె ఎలా ఉంటుందో తెలియకుండా మొదటి పెట్టె కొలతలు నిర్ణయించడమంటే, ఎన్ని అంతస్తులో తెలియకుండా పునాది తవ్వడమే. ఇప్పుడు నాలుగో పెట్టె నమూనా నా బల్ల మీద ఉంది. ఈ నాలుగేళ్లలో చేసిన తప్పులు, దిద్దుకున్న తీరు, ఈ పనికీ మామూలు కానుక పెట్టెల పనికీ ఉన్న తేడా మరచిపోకముందే రాసిపెట్టుకోవాలనిపించింది.

తేడా అంతా కొనేవారి దగ్గర మొదలవుతుంది. కానుకగా ఇచ్చే విస్కీ పెట్టె ఆయుష్షు కొన్ని నిమిషాలే. రిబ్బను విప్పి, మూత ఎత్తి, సీసా బయటకు తీసిన తరువాత దాని పని ముగుస్తుంది. వరుసగా సేకరించేవారు కొనే సీసాల్లో చాలా వాటిని ఎన్నడూ తెరవరు. (కలెక్టర్ అంటే మనకు మరో అర్థం ముందుగా తడుతుంది కనుక ఇక్కడ సేకర్త అనే రాస్తాను.) సేకర్త ఆ పెట్టెను ఏళ్ల తరబడి అలమరలో ఉంచుతాడు, తరువాత అతడో అతడి వారసులో వేలానికి పంపుతారు, అక్కడ పెట్టె ఉందా లేదా, మూలలు నలిగాయా, లేబుల్ మీద మరక ఉందా అన్నవి ధరలోకి వస్తాయి. కాబట్టి మేము రూపకల్పన చేస్తున్నది మొదటి కొనుగోలుదారు కోసమే కాదు, ఇరవై ఏళ్ల తరువాత దాన్ని చేతిలోకి తీసుకునే రెండో యజమాని కోసం కూడా. ఈ ఒక్క మాటను మొదటి సమావేశంలోనే కాగితం మీద పెట్టుకుని ఉంటే, తరువాత పడిన తిప్పల్లో సగం తప్పేవి.

ఈ విషయంలో అందరూ చెప్పే ఉదాహరణ మకాలన్ 1926 అనే స్కాచ్ విస్కీ. ఆ సంవత్సరం కాచిన విస్కీ 60 ఏళ్లు పీపాలో ఉండి 1986లో సీసాల్లోకి వచ్చింది. 263వ నంబరు పీపా నుంచి దిగినవి మొత్తం 40 సీసాలే. లోపలి ద్రవం అన్నింటిలోనూ ఒకటే. పన్నెండింటికి చిత్రకారుడు వాలేరియో అదామి, మరో పన్నెండింటికి మరో చిత్రకారుడు పీటర్ బ్లేక్ లేబుళ్లు గీశారు. అదామి లేబుల్ ఉన్న ఒక సీసా 2023 నవంబరులో లండన్‌లోని సోథబీస్ వేలంలో 21 లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఆ ధర కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది. ఆ వేలానికి ముందు డిస్టిలరీ వారు ఆ సీసాను పరీక్షించి, బిరడానూ దాని పైతొడుగునూ మార్చి, లేబుల్ మూలలకు కొత్త జిగురు పెట్టారు. వేలంలో అంత ధర పలికిన సీసా మీద కూడా మొదట ఓడిపోయినవి బిరడా, జిగురు అన్నమాట. మా పనిలో ఎవరూ ఫొటో తీసి చూపించుకోని రెండు వస్తువులు అవి.

వరుస అన్న మాటకు వస్తాను. వరుసలో ఏది మారకూడదు, ఏది మారాలి అన్నదే అసలు రూపకల్పన. బొమ్మలూ రంగులూ ఆ తరువాతి సంగతి. దీనికి రెండు దారులు నా కళ్ల ముందున్నాయి. 1983లో మూతపడిన పోర్ట్ ఎలెన్ డిస్టిలరీలో మిగిలిన పీపాల నుంచి 2001లో మొదలుపెట్టి 2017 వరకు ఏటా ఒకటి చొప్పున పదిహేడు విడుదలలు వచ్చాయి. వాటిని వరుసగా నిలబెడితే చూసేవారికి ముందుగా కనిపించేది ఎన్నో విడుదల అన్న లెక్కే. ఆ నిగ్రహమే వాటి గాంభీర్యం. రెండో దారి జపాన్‌ది. 2000లో మూతపడిన హన్యూ డిస్టిలరీ పీపాలను కాపాడుకున్న ఇచిరో అకుటో, ఒక్కో పీపాకు ఒక్కో పేకముక్కను లేబుల్‌గా పెట్టి 2005 నుంచి 2014 వరకు విడుదల చేశాడు. జోకర్లతో కలిపి మొత్తం 54. పూర్తి జట్టు ఒకటి 2019లో హాంకాంగ్‌లోని బోన్‌హామ్స్ వేలంలో 70 లక్షల హాంకాంగ్ డాలర్లు దాటింది.

పేకముక్కల ఆలోచనలోని గొప్పతనం బొమ్మల్లో లేదు. పేక తెలిసిన ఏ మనిషికైనా మొత్తం ఎన్నో, తన దగ్గర లేనివి ఏవో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. డైమండ్ ఏడు, డైమండ్ తొమ్మిది పక్కపక్కన ఉంటే మధ్యలోని ఖాళీ తానే పలుకుతుంది. వరుసకు ముగింపు ముందే కనబడాలి, లోటు కూడా కనబడాలి. మా ఆరు పెట్టెలకు ఇలాంటి ఆధారం కోసం ఎన్నో వెతికాం. ఋతువులు ఆరు కదా అని నేనే సూచించాను కానీ, స్కాట్లాండ్ విస్కీ మీద ఆరు ఋతువులు అతికించినట్టు ఉంటాయని నాకే తోచి వెనక్కి తీసుకున్నాను. చివరకు చాలా సాదా పద్ధతికి వచ్చాం. పీపా చుట్టూ బిగించే ఇనుప పట్టీలను గుర్తుగా తీసుకుని, ఆరు పెట్టెల వెన్నుల మీదుగా ఒకే పీపా బొమ్మ సాగేటట్టు పరిచాం. ఒక్కో పెట్టె మీద ఆ బొమ్మలో ఆరో వంతు మాత్రమే ఉంటుంది. మూడో పెట్టె లేకపోతే పట్టీ తెగిపోతుంది.

ఈ నిర్ణయం చెప్పడానికి సులువే కానీ, దాని వల్ల వెన్ను వెడల్పు, ఎత్తు, పట్టీ పడే చోటు ఆరేళ్లపాటు అర మిల్లీమీటరు కూడా తప్పకూడదన్న భారం పడింది. అందుకే మొదటి పెట్టె ఆమోదం పొందకముందే ఆరింటికీ తెల్ల అట్టతో నమూనాలు కట్టి, పక్కపక్కన నిలబెట్టి చూశాం. ఆ రోజు తెల్ల పెట్టెల ముందు కూర్చున్న సంస్థవారికి మొదటిసారి వరుస అంటే ఏమిటో అర్థమైందని నా నమ్మకం. నిజానికి నాకూ అప్పుడే అర్థమైంది.

సీసా గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మేము కొత్త అచ్చు చేయించలేదు. విస్కీ సీసాల చరిత్రలో మంచి ఆకారాల వెనుక చాలాసార్లు రవాణా కనిపిస్తుంది. జానీ వాకర్ నలుపలకల సీసా పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. గుండ్రటి సీసాల కన్నా తక్కువ చోటులో ఎక్కువ పట్టేది, తక్కువగా పగిలేది. దాని మీద 24 డిగ్రీల వాలుగా అతికించిన లేబుల్ వల్ల అక్షరాలకు మరింత చోటు దొరికింది. డింపుల్ అనే స్కాచ్ సీసా మీది తీగ వల కూడా సముద్ర ప్రయాణంలో బిరడా ఊడకుండా పట్టి ఉంచడానికి వచ్చినదే. ఇప్పుడది అలంకారంగా మిగిలింది. హిబికి అనే జపాన్ విస్కీ సీసాకున్న 24 పలకలకు మాత్రం జపాన్ పాత పంచాంగంలోని 24 చిన్న ఋతువులు ఆధారం. పలకల సీసా వెలుగును ఎలా ముక్కలు చేస్తుందో చూసిన తరువాత మాక్కూడా అలాంటిది కావాలని సంస్థవారు అడిగారు. తొమ్మిది వందల సీసాల విడుదలకు కొత్త అచ్చు ఖర్చు ఎంత పడుతుందో లెక్క వేసి చూపించాక మామూలు బుడ్డి సీసాకే ఒప్పుకున్నారు. స్వచ్ఛమైన తెల్ల గాజు, కొంచెం మందమైన అడుగు, అంతే.

బరువు మీద మాత్రం వాదన జరిగింది. బరువైన సీసా అంటే ఖరీదైనదన్న భ్రమ ఈ వ్యాపారంలో బాగా పాతుకుపోయింది. జానీ వాకర్ వారే ఇటీవల బ్లూ లేబుల్ అల్ట్రా అన్న పేరుతో మూత కాక 180 గ్రాముల గాజుతో 700 మిల్లీలీటర్ల సీసా చేసి, 888 మాత్రమే విడుదల చేశారు. అంత పలుచటి గాజు ఊదడం చాలా కష్టం కనుక అక్కడ తేలికదనమే అపురూపమైంది. క్రిస్టల్ గాజు డికాంటర్ (మద్యం పోసి ఉంచే అలంకార పాత్ర) మాట వచ్చినప్పుడు నేను అడ్డంగా తల ఊపాను. సంప్రదాయ క్రిస్టల్‌లో బరువులో దాదాపు 24 శాతం లెడ్ ఆక్సైడ్ ఉంటుంది, ఆల్కహాలు ఏళ్లపాటు దానిలో నిలవ ఉంటే సీసం ద్రవంలోకి దిగుతుంది. సీసాకు సీసం అక్కర్లేదు అని ఆ సమావేశంలో నేను వేసిన శ్లేషకు ఎవరూ నవ్వలేదు. సీసం లేని క్రిస్టల్ కూడా దొరుకుతుంది కానీ మా విడుదలకు దాని అవసరం లేదు.

అమెరికా మార్కెట్ కోసం గతంలో 750 మిల్లీలీటర్ల సీసా విడిగా చేయవలసి వచ్చేది, అంటే పెట్టె లోపలి గూడు కూడా రెండు కొలతల్లో ఉండేది. 2020 చివర అక్కడ 700 మిల్లీలీటర్లకూ అనుమతి వచ్చింది కనుక మాకు ఆ బాధ తప్పింది. ఈ పనిలో మాకు కలిసొచ్చినవి చాలా తక్కువ, అందుకే దీన్ని ప్రత్యేకంగా రాస్తున్నాను.

లేబుల్ దగ్గర రూపకర్త స్వేచ్ఛ అనుకున్నంత ఉండదు. స్కాచ్ అని రాయాలంటే ఆ విస్కీ కనీసం మూడేళ్లు 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో ఉండి, 40 శాతానికి తగ్గని ఆల్కహాలుతో ఉండాలని 2009 నాటి నిబంధనలు చెబుతాయి. వయసు రాస్తే అది కలిపిన వాటిలో అన్నింటికన్నా చిన్నదాని వయసే కావాలి. కాచిన సంవత్సరాన్ని ఒంటరిగా వేయకూడదు. సీసాలో నింపిన సంవత్సరమో, పీపాలో గడిపిన కాలమో, వయసో తోడుగా ఉండాలి. ఐరోపాలో 700 మిల్లీలీటర్ల సీసా మీద పరిమాణాన్ని తెలిపే అంకె ఎత్తు కనీసం 4 మిల్లీమీటర్లు. నేను మొదట్లో వీటిని అడుగున ఒక మూలకు నెట్టేవాణ్ని. ఈ వరుసలో వాటినే లేబుల్‌కు వెన్నెముకగా పెట్టాను. కాచిన సంవత్సరం, నింపిన సంవత్సరం, పీపా నంబరు, ఆల్కహాలు శాతం అనే నాలుగు అంకెలే పెద్దవిగా ఉంటాయి, పేరు వాటికన్నా చిన్నది. సేకర్త ముందుగా చదివేవి అంకెలే. ఇరవై ఏళ్ల తరువాత వేలం జాబితాలోకి ఎక్కేవీ అవే.

ప్రతి సీసా మీద చేతితో నంబరు రాయించాలన్న కోరిక సంస్థవారిది. మంచిదే, అయితే ఏ సిరాతో అన్నది వారు ఆలోచించలేదు. మామూలు బాల్ పాయింట్ కలం సిరాల్లో చాలావాటిలో రంగు కరిగి ఉంటుంది, అలాంటి రంగు వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. రంగు పొడిరూపంలో ఉండే పిగ్మెంట్ సిరా నిలుస్తుంది. మేము లేబుల్ కాగితం మీద ఐదు రకాల సిరాలతో ఒకటి నుంచి తొమ్మిది వరకు రాసి, సగం నల్ల కాగితంతో కప్పి, ఎండ పడే కిటికీకి అంటించి వేసవి మొత్తం ఉంచాం. రెండు సిరాలు నీడలా మిగిలాయి. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, అయినా ఏవి వద్దో తేల్చడానికి సరిపోయింది. చల్లబడితే రంగు మారే సిరాతో, ఫ్రీజర్‌లో పెడితే అక్షరాలు తేలే విస్కీ సీసా ఒకటి 2018లో మంచి పేరు తెచ్చుకుంది. మాకూ అలాంటిది చేద్దామా అని అడిగినప్పుడు ఈ కిటికీ కాగితాన్నే తీసి చూపించాను. ఆ జాతి సిరాలు ఎండకు మరీ బలహీనం.

ఇక పెట్టె. నా కష్టమంతా ఇక్కడే ఉంది.

రెండున్నర మిల్లీమీటర్ల గ్రే బోర్డు (బూడిదరంగు గట్టి అట్ట) మీద నూలు పీచు కాగితం చుట్టిన గట్టి పెట్టె మాది. అట్టకూ కాగితానికీ గ్రెయిన్ ఉంటుంది, అంటే పీచు పరుచుకున్న దిశ. తేమ తగిలితే పీచు ఆ దిశలో కన్నా అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది. పైన మాత్రమే కాగితం అతికించి లోపలి వైపు వదిలేస్తే, జిగురులోని తడి ఆరుతున్నప్పుడు ఆ కాగితం బిగుసుకుని అట్టను తన వైపు లాగుతుంది, పలక డొప్పలా వంగుతుంది. దీనికి విరుగుడు పుస్తకాలు కుట్టే ప్రతి బైండరుకూ తెలుసు: లోపలి వైపు కూడా దాదాపు అంతే బలమున్న కాగితాన్ని, అదే గ్రెయిన్ దిశలో అతికించాలి. నాకూ తెలుసు. అయినా మొదటి విడుదలలో మూత లోపల పలుచటి నల్ల కాగితం వేయించాను, రంగు బాగుందని. పెట్టెలు తయారైన చోట గాలి పొడిగా ఉంది, అవన్నీ చదునుగానే బయలుదేరాయి. సింగిల్ మాల్ట్ స్కాచ్‌ను స్కాట్లాండ్‌లోనే సీసాకు నింపి లేబుల్ వేయాలన్న నియమం 2012 నవంబరు నుంచి అమల్లో ఉంది కనుక పెట్టెలు అక్కడికి వెళ్లి, తేమ గాలిలో ఆరు వారాలు గోదాములో కూర్చుని, సీసాలను ఎక్కించుకుని, మళ్లీ ఎయిర్ కండిషనర్లు ఆరబెట్టే గదులకు చేరాయి. నాలుగు నెలల తరువాత మూతలు మధ్యలో కొద్దిగా దిగి, మూలల్లో సన్నని సందు కనిపించింది. రెండు మిల్లీమీటర్లే, కానీ సేకర్త కంటికి అది తలుపు తెరిచినంత. తప్పు పూర్తిగా నాది. మూతలన్నీ మళ్లీ చేయించి పంపాం.

రెండో దెబ్బ కాగితం మిల్లు నుంచి తగిలింది. రెండో విడుదల తరువాత మేము వాడుతున్న రంగు కాగితం తయారీని ఆ మిల్లు ఆపేసింది. దానికి దగ్గరగా ఉన్న రంగును వేరొక చోట తెప్పించి మూడో పెట్టెకు చుడితే, ఒంటరిగా బాగానే ఉంది. మొదటి రెండింటి పక్కన పెట్టగానే పరాయి బిడ్డలా కనిపించింది. కాగితం బాగోగులు తెలిసిన ఒక పాత ముద్రాపకుడి సలహాతో, తెల్ల నూలు కాగితం తీసుకుని దాని మీద మా రంగును సిరాతోనే పూర్తిగా అచ్చు వేయించాం. అంచుల్లో తెల్లదనం కనిపించే ప్రమాదం ఉంది కనుక మడతలు పడే చోట కాగితం పగలకుండా ఎన్నో ప్రయత్నాలు చేయవలసి వచ్చింది. ఆ తెల్ల కాగితాన్ని మాత్రం మిగిలిన అన్ని విడుదలలకూ సరిపడా ఒకేసారి కొని, తేమ చొరని తొడుగులో పెట్టి దాచాం. బంగారు ఫాయిల్ చుట్టలూ అంతే. కొత్తొక వింత, పాతొక రోత అంటారు కానీ వరుస చేసేవాడికి పాత సరుకే ప్రాణం.

లోపలి గూడు సంగతి ఇంకా ముఖ్యం. సీసా కదలకుండా పట్టి ఉంచడానికి పరిశ్రమలో అందరూ వాడేది పాలీయురేథేన్ స్పాంజి, లేదా ఈవీఏ అనే మరో ప్లాస్టిక్ స్పాంజి. మొదటిది కొన్ని దశాబ్దాల్లో జిగట పట్టి, పొడిగా రాలిపోతుందని మ్యూజియముల వారికి బాగా తెలుసు. రెండోది మెల్లగా అసిటిక్ ఆమ్లం, అంటే వినెగార్‌లో ఉండేదే, గాలిలోకి వదలగలదు. కానుక పెట్టెలో ఇవేవీ పట్టించుకోనక్కర్లేదు. మూసిన పెట్టెలో ఇరవై ఏళ్లు లేబుల్‌ను అంటిపెట్టుకుని ఉండేటప్పుడు పట్టించుకోక తప్పదు.

అక్కడి నుంచే ఆడీ పరీక్ష నా చేతికి చిక్కింది. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. ప్రదర్శన పెట్టెల్లో వాడదలచిన చెక్క, గుడ్డ, రంగు వంటి వాటి ముక్కను, కొంచెం నీటితో పాటు, వెండి, రాగి, సీసం రేకులున్న గాజు పాత్రలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. ఏళ్లలో జరిగే చెడుపు వారాల్లో బయటపడుతుంది. ఏమీ పెట్టని పాత్రలోని రేకులతో పోల్చి చూస్తారు. మా వాళ్లు మూతలు బిగుతుగా ఉండే పాత్రలు, ఒక చిన్న ఓవెను సంపాదించి దీన్ని మా స్థాయిలో చేశారు. ఐదు పదార్థాలు పెట్టాం: ఓక్ చెక్క, ఊలు ఫెల్టు, ఈవీఏ స్పాంజి, ఆమ్లం లేని గుజ్జు అట్ట, బిరడా చెక్క పలక.

ఓక్ ఎందుకంటే, విస్కీ ఓక్‌లో పండుతుంది కనుక పెట్టె కూడా ఓక్‌తో ఉండాలని సంస్థవారికి ఎంతో ముచ్చటగా ఉండేది. విడుదలకు పనికిరాని పాత పీపా పలకలతో పెట్టె అంటే వినడానికి ఎంత బాగుంటుంది! ఇరవై ఎనిమిది రోజుల తరువాత ఓక్ పాత్రలోని సీసపు రేకు తెల్లటి పొడి పట్టి, పాత సున్నపు గోడలా తయారైంది. ఊలు ఫెల్టు పాత్రలో వెండి నల్లబడింది. ఊలులో గంధకం ఉంటుంది మరి. గుజ్జు అట్ట పాత్రలో రేకులు దాదాపు ఖాళీ పాత్రలోని వాటిలాగే ఉన్నాయి. మా పెట్టెలో సీసం లేదన్నది నిజమే, కానీ ఆ రేకును చూసిన తరువాత ఎవరూ ఓక్ పెట్టె మాట ఎత్తలేదు. పీపా చెక్కను పూర్తిగా వదలడం ఇష్టం లేక, పెట్టె అడుగున బయటి వైపు మాత్రం సన్నని పట్టీగా వాడాం, లోపలి గాలితో దానికి సంబంధం లేకుండా. గూడు మొత్తం అచ్చు పోసిన గుజ్జు అట్ట. మొదటిసారి తాకినవాళ్లు కోడిగుడ్ల అట్ట గుర్తుకొస్తుందన్నారు. అచ్చును మరింత నునుపు చేసి, గుజ్జుకు మా రంగు కలిపిన తరువాత ఆ మాట ఆగింది.

అయస్కాంతాలు వాడలేదు. టక్కుమని మూసుకునే ఆ చప్పుడుకు చాలామంది ముగ్ధులవుతారు. నాకు అందులో అరువు తెచ్చుకున్న ఆడంబరం వినిపిస్తుంది. పైగా పూత చెదిరితే ఆ అయస్కాంతం తుప్పు పడుతుంది, అట్టలో పూడ్చిన లోహాన్ని తీయకుండా ఆ పెట్టె కాగితం గుజ్జుగా మారడమూ కష్టం. బదులుగా మూత, అడుగుల మధ్య సందును గాలి మాత్రమే మెల్లగా దూరేంత ఉంచాం. మూతను వదిలితే లోపలి గాలి తప్పుకునే కొద్దీ తన బరువుతో తానే దిగుతుంది, దాదాపు ఏడు సెకన్లు పడుతుంది. ఈ ఏడు సెకన్ల కోసం కాగితం మందాన్ని కూడా లెక్కలోకి తీసుకుని నాలుగు సార్లు కొలతలు మార్చాం. నాకు ఈ వరుసలో అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

పెట్టెకు కిటికీ పెట్టలేదు. లోపలి రంగు కనిపించాలన్న కోరిక అమ్మేవారికి సహజం. అయితే వెలుతురు లేబుల్‌నే కాదు, విస్కీ రంగునూ పలుచన చేస్తుంది. అలాగే పెట్టె పడుకోబెట్టి తెరిచే రకం కూడా వద్దనుకున్నాం. వైన్‌ను పడుకోబెడతారు, విస్కీని నిలబెట్టాలి. అంత గాఢమైన ఆల్కహాలు నిరంతరం తగిలితే బిరడా పాడవుతుంది. పెట్టె ఆకారం చూడగానే దాన్ని ఎలా ఉంచాలో తెలియాలి. అడుగున ఓక్ పట్టీ పెట్టడానికి ఇదీ ఒక కారణమే, పాదం ఉన్న వస్తువును ఎవరూ పడుకోబెట్టరు. బిరడా పైన చెక్క తల ఉన్న రకాన్నే ఎంచుకున్నాం. కార్క్‌స్క్రూ అక్కర్లేని ఈ రకం బిరడాను 1913లో టీచర్స్ సంస్థకు చెందిన విలియం బెర్గియస్ తెచ్చాడు, అప్పటి నుంచి విస్కీ సీసాకు పెద్దగా మెరుగైనది రాలేదు.

నకిలీల విషయం చెప్పక తప్పదు. 2018లో స్కాట్లాండ్‌లోని విశ్వవిద్యాలయాల ఉమ్మడి పర్యావరణ పరిశోధన కేంద్రంలో 55 అరుదైన స్కాచ్ సీసాలను కార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే, 21 పూర్తిగా నకిలీవో, లేబుల్ మీది సంవత్సరంలో కాచనివో అని తేలింది. 1950ల నాటి అణు పరీక్షలు గాలిలో వదిలిన కార్బన్ 14 బార్లీ గింజలోకీ, అక్కడి నుంచి విస్కీలోకీ వచ్చింది కనుక ఆ తరువాతి ధాన్యంతో కాచినది దాగదు. పెట్టె రూపకర్త చేయగలిగింది కొంతే. అసలు పెట్టె, అసలు ఖాళీ సీసా కూడా విపణిలో దొరుకుతాయి. వాటిని మళ్లీ నింపితే ప్యాకేజింగ్ మొత్తం నిజమైనదే, అబద్ధం లోపల ఉంటుంది. అందుకని పెట్టె మీద హోలోగ్రాములు గుప్పించడం కన్నా, తెరిస్తే చిరగక తప్పని సన్నని కాగితపు పట్టీని బిరడా మీదుగా సీసా మెడకు అతికించి, దాని మీద సీసా నంబరు మళ్లీ అచ్చు వేయించాం. ఆ పట్టీ, లేబుల్, పెట్టె అడుగు, మూడింటిలో ఒకటే నంబరు. ఇంకా ఒకటి రెండు గుర్తులున్నాయి, అవి ఇక్కడ రాయను.

పంపే పెట్టె పరీక్షలు మామూలుగానే జరిగాయి. అంతర్జాతీయ రవాణా పరీక్షా పద్ధతి ప్రకారం ఒక మూల, మూడు అంచులు, ఆరు ముఖాల మీద, మొత్తం పది సార్లు, 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడేశాం. సీసా పగలలేదు. పెట్టె మూల ఒకటి నలిగింది. మామూలు సరుకైతే ఉత్తీర్ణత అనేవాణ్ని, ఇక్కడ అది వైఫల్యమే. బయటి అట్టపెట్టెకు మూలల్లో గుజ్జు దిమ్మలు చేర్చి మళ్లీ పడేశాం.

వృథా గురించి నాకు మనసులో ఒక పోరు ఉంది, దాన్ని దాచను. ఒక సీసాకు ఇంత అట్ట, ఇంత కాగితం అవసరమా అని ఎవరైనా అడిగితే నిక్కచ్చిగా అవసరం లేదనే చెప్పాలి. ఐరోపా సమాఖ్య 2025లో తెచ్చిన ప్యాకేజింగ్ నిబంధన ప్రకారం 2030 నుంచి ఉత్పత్తి పెద్దదిగా కనిపించేలా చేసే దొంగ అడుగులు, జంట గోడలు కుదరవు. స్కాచ్ లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్న ఉత్పత్తులకు కొన్ని మినహాయింపులున్నా, వాటిని ఆసరాగా తీసుకోవడం నాకు ఇష్టం లేదు. మొదటి పెట్టెలో అడుగున ముప్పై మిల్లీమీటర్ల ఖాళీ ఉండేది, ఎత్తు కోసమే. వరుస ఎత్తు మారకూడదు కనుక దాన్ని తీసేయలేను. నాలుగో పెట్టె నుంచి ఆ ఖాళీలో పీపా చరిత్ర, నింపిన తేదీలు, గూడు దేనితో చేసినదో తెలిపే చిన్న పుస్తకానికి అర ఏర్పాటు చేశాను. పెట్టె పదార్థాల వివరం కూడా అందులో ఉండాలని పట్టుబట్టాను. ఇరవై ఏళ్ల తరువాత లేబుల్ మూలకు జిగురు పెట్టబోయే మనిషికి అది పనికివస్తుంది.

ప్రస్తుతం ఆ అరలో పుస్తకం ఒక మిల్లీమీటరు బిగుతుగా ఉంది, లాగితే గూడు కూడా కదులుతోంది. రేపు ప్రెస్సుకు వెళ్లి పుస్తకంలో నాలుగు పేజీలు తగ్గించడమా, కాగితం మందం తగ్గించడమా తేల్చుకోవాలి. ఐదు, ఆరు పెట్టెల తెల్ల నమూనాలు కిటికీ పక్కన అలమరలో వాటి చోట నిలబడి ఉన్నాయి. పీపా పట్టీ గీతను వాటి మీద పెన్సిలుతో పొడిగించి ఉంచాం.